ఫామ్ ఊలుతో పాపాయికి స్వెటర్: కొనడం దగ్గర్నుంచి ఉతకడం దాకా

అమెరికాలోని మేరీలాండ్‌లో ఏటా మే మొదట్లో హోవర్డ్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో షీప్ అండ్ ఊల్ ఫెస్టివల్ జరుగుతుంది. గొర్రెలు పెంచుకునే కుటుంబాలు తమ మంద ఉన్నినే నూలు వడికించి తెచ్చి అమ్ముతారు, ఫామ్ ఊలు అంటే ఇదే. చిలప (ఊలు చుట్ట) మీద గొర్రె జాతి రాసి ఉంటుంది, ఒక్కోసారి ఆ గొర్రె ముద్దుపేరు కూడా. ముచ్చటపడి కొనేయడం తేలికే కానీ, అల్లేది పసిపిల్లకైతే ముందు ఆ చిలపని మీ మెడకి, గడ్డం కిందకి ఓ నిమిషం ఆనించి చూడండి. కాస్త చిరచిరలాడినా పక్కన పెట్టేయండి. అరచేతి చర్మం మొద్దు, దాంతో చూస్తే తెలియదు.

గుచ్చుకోవడానికి కారణం పోగు మందం. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన పోగులు వంగవు, చర్మాన్ని పొడుస్తాయి. మెరినో, కోర్మో జాతుల ఉన్ని సన్నం, పిల్లలకి అదే సరైనది. కొరిడేల్ మధ్యరకం, మెత్తటిది దొరికితే తీసుకోవచ్చు. రోమ్నీ, బోర్డర్ లెస్టర్ పెద్దవాళ్ళ కోట్లకి బావుంటాయి. మన గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రె ఉన్ని సంగతీ అంతే, వానకీ చలికీ దానికి తిరుగులేదు గానీ ఊయలలో బిడ్డకి పనికిరాదు. ఏ ఊలైనా సరే, లోపల కాటన్ జుబ్బా ఉండాల్సిందే.

అప్పుడే పుట్టిన బిడ్డ కొలతకి అసలు అల్లొద్దు. మన ఇళ్ళల్లో చాలామంది బారసాల దాకా పాత మెత్తటి బట్టలే వేస్తారు, ఈలోగా స్వెటర్ కాస్తా పొట్టిదైపోతుంది. పురుడు ఆగస్టులో అయితే చలి ముదిరే ఫిబ్రవరికి బిడ్డకి 6 నెలలు, కాబట్టి ఆ కొలతకే అల్లండి. ఆ వయసుకి ఛాతీ దాదాపు 43 సెంటీమీటర్లు, స్వెటర్ 49 ఉంటే చేతులు దూర్చడం సులువు. డీకే (డబుల్ నిట్టింగ్, మరీ లావూ సన్నమూ కాని) మందం ఊలు 100 గ్రాముల చిలపలు రెండు తీసుకుంటే ఇంకా మిగులుతుంది. రెండూ ఒకే గొర్రెల మందవి, ఒకేసారి వడికినవి అయ్యుండాలి, లేకపోతే తెలుపులోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే పని. 4 మిల్లీమీటర్ల సూదులతో ఓ 30 కుట్లు వేసి చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. ఫామ్ ఊలులో గొర్రె జిడ్డు కొంత మిగిలే ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళలో వేయగానే నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగి, గొర్రెల కొట్టం వాసన కొడతాయి. కంగారు పడకండి, రెండు మూడు నీళ్ళకి పోతుంది. ఆరాక పోగులు ఉబ్బి కుట్ల మధ్య సందులు పూడుకుంటాయి, అప్పుడొచ్చేదే అసలు కొలత. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు, 30 వరసలు రావాలి. కుట్లు ఎక్కువైతే సూది లావుది, తక్కువైతే సన్నది మార్చండి. అల్లేటప్పుడు గడ్డి పరకలు తగులుతుంటే లాగి పారేయండి, ఫామ్ ఊలు కొని దానికి విసుక్కోవడమంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే.

ముందు తెరుచుకునేదే అల్లండి. పిల్లల తలలు పెద్దవి, మెడ నుంచి తొడిగేదైతే రోజూ ఏడుపే. వెనక భాగానికి 54 కుట్లు ఎక్కించి 3 సెంటీమీటర్లు అన్నీ నిట్ (మామూలు కుట్టు) వరసలే, ఆపైన ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ (తిరగేసిన కుట్టు), మొత్తం 27 సెంటీమీటర్లు వచ్చాక మూసేయండి. భుజాలకి చెరో 16, మధ్యలో మెడకి 22 లెక్క. ముందు భాగాలు రెండూ చెరో 32 కుట్లు, అందులో గుండీల పట్టీకి 5 ఎప్పుడూ నిట్టే. 21 సెంటీమీటర్ల దగ్గర మెడ వైపు 8 కుట్లు మూసి, ఆ తర్వాత వరస విడిచి వరసకి ఒక్కొక్కటి చొప్పున ఇంకో 8 తగ్గిస్తే భుజానికి 16 మిగులుతాయి. గుండీలు కుట్టే వైపు ముందు అల్లేసి, గుండీల చోట దారం గుర్తులు పెట్టుకుని, రెండో వైపు సరిగ్గా అక్కడే కాజాలు తీయండి. కాజా అంటే ఏం లేదు, పట్టీలో రెండు నిట్ అల్లి, పోగు ముందుకి తెచ్చి, తర్వాతి రెండు కుట్లు కలిపి, చివరిది మామూలుగా అల్లడమే. చేతులకి 34 తో మొదలుపెట్టి, 3 సెంటీమీటర్ల అంచు అయ్యాక ప్రతి నాలుగో వరసకీ అటొకటి ఇటొకటి పెంచుతూ 48 చేసి, 16 సెంటీమీటర్ల దాకా వెళ్ళండి.

భుజాలు కలిపి, చేతులు అతికించి, పక్కలు కుట్టేస్తే అయిపోయినట్టే. గుండీలు గట్టిగా లాగి చూడండి, ఊడితే నేరుగా నోట్లోకే. మెడకి రిబ్బన్లు, తాళ్ళు వద్దు.

కొట్లో ఊలుకి మెషీన్లో తట్టుకునేలా మందు పూసి ఉండొచ్చు, దీనికి చాలావరకు ఉండదు. వేడినీళ్ళు, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే గట్టిపడి బొమ్మ చొక్కాలా కుంచించుకుపోతుంది, మళ్ళీ సాగదీయడం ఎవరి వల్లా కాదు. చల్లటి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నేల మీద పరిచి ఆరేయండి. ఎవరికైనా ఇస్తుంటే ఈ మాట చీటీ మీద రాసి ఇవ్వండి. పురుగు పడుతుందని కలరా ఉండలు వేసి మాత్రం దాచొద్దు. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైమ్) లోపమున్న పసిపిల్లలకి వాటిలో ఉండే నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి, ఆ లోపం ఉందని చాలాసార్లు ఇంట్లోవాళ్ళకి అప్పటిదాకా తెలియదు. శుభ్రంగా ఉతికి, బాగా ఆరాక, జిప్ సంచిలో పెడితే చాలు.