చెవిలో ఇరుక్కున్న వస్తువుకు డయాగ్నసిస్ కోడ్ ఇవ్వడం ఎలా?

అమీర్‌పేటలో కోచింగ్ పూర్తిచేసి హైటెక్ సిటీ కంపెనీల్లో చేరే కొత్త మెడికల్ కోడర్లకు, అంటే రోగి జబ్బును బిల్లు కోసం కోడ్‌గా మార్చేవారికి, అమెరికా ఆసుపత్రుల చార్టుల్లో (రోగి వైద్య రికార్డుల్లో) చెవిలో పూస, పురుగు, బటన్ బ్యాటరీ వంటి కేసులు తరచు వస్తుంటాయి. ఇవి తేలికైనవనే ధీమాతో చాలామంది అంకెలన్నీ సరిగ్గా వేసి, చివరి అక్షరం దగ్గర బోల్తా పడుతున్నారు.

దీనికి కావలసినవి చార్టు, అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల జాబితా అయిన ఐసీడీ-10-సీఎం పుస్తకం, ఒక పెన్సిలు. కోడ్లు ఏటా అక్టోబర్ 1న మారతాయి కనుక, వైద్యం జరిగిన తేదీకి అమల్లో ఉన్న పుస్తకాన్నే తెరవాలి. కోడ్లు వెతికిపెట్టే ఎన్‌కోడర్ సాఫ్ట్‌వేర్ ఉండగా పుస్తకం ఎందుకని అడిగేవారు ఉంటారు. వెతుకుపెట్టెలో పదం కొట్టి మొదట కనిపించిన కోడ్‌ను ఎత్తుకునే వారి కళ్లు విభాగం తలకట్టున ఉన్న సూచనల మీద పడవు. అసలు నియమాలు ఉండేది అక్కడే.

మొదట ప్రొసీజర్ నోట్‌ను (డాక్టరు ఏం చేశారో రాసిన భాగాన్ని), ఆ తరువాతే డయాగ్నసిస్ వాక్యాన్ని చదవాలి. బయటికి తీసింది గట్టిపడిన గులిమి అయితే అది ఫారిన్ బాడీ (బయటి నుంచి చేరిన వస్తువు) కాదు, హెచ్61.2 కిందికి వెళ్తుంది. కమ్మ శీల తమ్మెలో కూరుకుపోతే ఎస్00.45 చూడాలి. ఔట్‌పేషెంట్ చార్టులో “ఏదో ఉండవచ్చు” అని మాత్రమే ఉంటే, వస్తువుకు కాక చెవిపోటు వంటి లక్షణానికి కోడ్ ఇవ్వాలి.

వస్తువు చెవి కాలువలోనే ఉందని తేలితే ఇండెక్స్‌లో ‘ఫారిన్ బాడీ’ కింద చెవిని పట్టుకుని టి16కు చేరాలి. కుడి చెవికి టి16.1, ఎడమ చెవికి టి16.2. రెండు చెవులకు కలిపి ఒకే కోడ్ లేదు కనుక రెండింటినీ విడివిడిగా వేయాలి. ఏ చెవో తెలియనప్పుడు వాడే టి16.9ను నేను డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపకుండా ఎన్నడూ వేయనివ్వను.

అసలు చిక్కు ఏడో అక్షరంతో వస్తుంది. టి16.1లో ఉన్నవి నాలుగే స్థానాలు. ఐదు, ఆరు స్థానాలను ఎక్స్‌తో నింపి, ఏడో స్థానంలో ఎ, డి, ఎస్‌లలో ఒకటి పెట్టాలి. ఆ విధంగా టి16.1ఎక్స్ఎక్స్ఎ వస్తుంది. ఎక్స్‌లు వదిలేసి టి16.1ఎ అని రాస్తే ఆ కోడ్ చెల్లదు, క్లెయిమ్ (బీమా కంపెనీకి పంపే బిల్లు) వెనక్కి వస్తుంది.

ఎ అంటే మొదటి విజిట్, డి అంటే రెండో విజిట్ అని బట్టీపట్టడమే ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు. ఎ అనేది చురుకైన చికిత్స సాగుతున్నంత కాలం వర్తిస్తుంది. ఎమర్జెన్సీలో డాక్టరు పూసను పట్టుకోబోతే పిల్లవాడు తల విదిలించాడని, పూస లోపలికి జారిందని, మర్నాడు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారని అనుకుందాం. విజిట్లు రెండు, డాక్టర్లు ఇద్దరు. అయినా పూస ఇంకా లోపలే ఉంది, దాన్ని తీసే చికిత్సే సాగుతోంది కనుక రెండు చార్టులకూ ఎ వేయాలి. పూస బయటికి వచ్చాక, వారం తరువాత కాలువ మానుతోందా లేదా అని చూడటానికి వస్తే అప్పుడు డి వస్తుంది. కొంతకాలానికి ఆ గాయం వల్లే కాలువ ఇరుకైతే, ముందు ఇరుకుదనం కోడ్, తరువాత, పాత గాయం మిగిల్చిన సమస్య అని చెప్పే ఎస్‌తో టి16 వేయాలి. కాబట్టి విజిట్ల లెక్క పక్కన పెట్టి, ఆ రోజు డాక్టరు ఏం చేశారన్న వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకున్న తరువాతే అక్షరం నిర్ణయించాలి.

ఇక మిగిలింది వస్తువేమిటో చెప్పే డబ్ల్యూ44. ఇది 2023 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. బటన్ బ్యాటరీకి డబ్ల్యూ44.ఎ1ఎక్స్ఎ, ప్లాస్టిక్ పూసకు డబ్ల్యూ44.బి1ఎక్స్ఎ, పురుగుకు డబ్ల్యూ44.ఎఫ్4ఎక్స్ఎ వేస్తారు. ఇది ఎప్పుడూ టి16 తరువాతే రావాలి, దీని ఏడో అక్షరం టి16 అక్షరంతో సరిపోవాలి. వస్తువేమిటో చార్టులో లేకపోతే మాత్రం ఊహించి పూస అనో పురుగు అనో వేయకూడదు.