కాలువగట్ల మీద తిరిగే బండికి ఏ ఆయిల్, ఎంత, ఎప్పుడు

మోటారుసైకిల్, స్కూటర్ లాంటి బండికి ఇంజన్ ఆయిల్ మార్చే లెక్క చాలామంది కిలోమీటర్లలోనే చూస్తారు. గోదావరి డెల్టాలో అది సరిపోదు. ఇక్కడ ఆయిల్‌ని ముందు చెడగొట్టేది నీరు. వరద రోడ్డు దాటిన బండిలోనే నీరుంటుందనుకోవద్దు. ఇంటి నుంచి చెరువుగట్టుకి, గట్టు నుంచి సెంటరుకి రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలోనూ చేరుతుంది. పెట్రోలు మండితే పుట్టే నీటి ఆవిరిలో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది బ్రీదర్ గొట్టం గుండా బయటికి పోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే లోపలే చల్లబడి ఆయిల్లో కలుస్తుంది.

నీరుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆయిల్ గేజి తీసి మూత లోపలివైపు చూడండి. పాలు ఎక్కువైన టీ రంగులో మీగడలా పట్టి ఉంటే నీరు కలిసినట్టే. మూతకి మాత్రమే ఉండి గేజి కొసన ఆయిల్ తేటగా ఉంటే, వారానికోసారి ఇరవై కిలోమీటర్లు ఆపకుండా నడిపితే పోతుంది. కొసకీ అదే రంగుంటే మార్చాల్సిందే. అనుమానం తీరకపోతే పనికిరాని గరిటె ఒకటి పెరట్లో పొయ్యి మీద కాల్చండి. నీటిచుక్క పడితే చుర్రుమనేంత వేడి చాలు, ఎర్రగా కాలనివ్వొద్దు. ఆ తడి పూర్తిగా ఆరాక, మంటకి దూరంగా తెచ్చి, ముఖం పక్కకి పెట్టి, ఒక్క చుక్క ఆయిల్ వెయ్యండి. మంచి ఆయిల్ చప్పుడు లేకుండా పరుచుకుంటుంది. నీరున్నది తాలింపులో ఆవాల్లా చిటపటమంటుంది.

ఇక డబ్బా సంగతి. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అనే అంకెల్లో మొదటిది చలిలో ఆయిల్ పారే తీరు, రెండోది వేడిలో దాని చిక్కదనం. మనవైపు ఆయిల్ గడ్డకట్టేంత చలి లేదు. అందుకని "ఎండలెక్కువ, చిక్కటిది పొయ్యండి" అని సలహా ఇస్తుంటారు. వినొద్దు. 10డబ్ల్యూ-30కి తయారైన ఇంజన్లో ఆయిల్ దారులు, సందులు దానికి తగ్గట్టే సన్నగా ఉంటాయి. చిక్కటి ఆయిల్ పొద్దున్నే పైనున్న, వాల్వులు తెరిచే క్యామ్‌ని చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. పాతబడి ఆయిల్ తాగే ఇంజన్‌కి, మాన్యువల్ పట్టికలో ఉంటేనే, ఒక మెట్టు చిక్కటిది వాడొచ్చు. దాంతో పొగ తగ్గుతుందే తప్ప అరిగిన రింగులు బాగుపడవు.

అంకెల కంటే ముఖ్యమైన గుర్తు జాసో (JASO), అంటే డబ్బా మీద ఉండే జపాన్ వాహన ప్రమాణాల గుర్తు. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి. వాటికి పట్టు కావాలి కాబట్టి ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్నదే పొయ్యాలి. ఎంఏ2లో పట్టు ఎక్కువ. ఎంబీ అనేది గేర్లు లేని స్కూటర్లకి. వాటి క్లచ్ ఆయిల్లో ఉండదు. కారు ఆయిల్లో జారుడు పెంచే మందులు కలిపి ఉండొచ్చు. అది పోస్తే క్లచ్ జారొచ్చు; వంతెన ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం వేగం అందుకోదు. ట్రాక్టర్‌కో చెరువు దగ్గర డీజిల్ ఇంజన్‌కో తెచ్చిన డబ్బాలో మిగిలిన ఆయిల్ బండికి పొయ్యడం మన ఊళ్లలో మామూలే. డబ్బా మీద జాసో గుర్తు లేకపోతే అదీ వద్దు. ఖాళీ డబ్బాని కోసి పారెయ్యండి, లేకపోతే నకిలీ ఆయిల్ నింపేవాళ్ల చేతికి పోతుంది.

మాన్యువల్లో 5,000, 6,000 కిలోమీటర్లు అని ఉన్నా, పాలక్యాన్లు, మేత బస్తాలు, కొబ్బరికాయలు మోసే బండికి మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసిన మామూలు రకం) 2,500కే మార్చడం మంచిది. ఎంత తక్కువ తిరిగినా ఆరు నెలలు దాటనివ్వొద్దు. సింథటిక్ ఆయిల్ వేడిని బాగా ఓర్చుకుంటుంది గానీ నీరు చేరకుండా ఆపలేదు. చిన్న దూరాలు తిరిగే 100 సీసీ బండికి అది పోసి ఏడాది వదిలేసేకంటే, మినరల్ రెండుసార్లు మార్చడమే మేలు.

మార్చేటప్పుడు ఇంజన్‌ని ఐదు నిమిషాలు తిప్పి, సెంటర్ స్టాండ్ వేసి, కాస్త ఆగి డ్రెయిన్ బోల్ట్ విప్పండి. గోరువెచ్చటి ఆయిల్ మడ్డిని వెంట తెస్తుంది. పది నిమిషాలు కారనివ్వండి. బోల్ట్ కొసన బూడిదలాంటి సన్నటి పొడి ఉంటే అరుగుదల మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే మెకానిక్‌కి చూపించాలి. అల్యూమినియం వాషర్ కొత్తది వేసి, బోల్ట్ ముందు చేత్తో ఎక్కించి తర్వాత బిగించండి. బలంగా లాగితే కేసింగ్ మర పోతుంది. కాగితం ఫిల్టర్ ఉంటే అది మార్చాలి, జాలీ ఉంటే కడగాలి.

మాన్యువల్లో ఆయిల్ కొలతలు రెండుంటాయి: ఇంజన్ విప్పినప్పటిది, వట్టి ఆయిల్ మార్చినప్పటిది. రెండోది తక్కువ. దానికీ 100 మిల్లీలీటర్లు తగ్గించి పోసి, మూడు నిమిషాలు తిప్పి ఆపి, మరో మూడు నిమిషాలు ఆగి, గేజి చూసి మిగతాది పొయ్యండి. కొన్ని బండ్లకి గేజి మర బిగించకుండా ఆనించే చూడాలి. పై గీత దాటితే ఆయిల్ బ్రీదర్ గుండా ఎయిర్ ఫిల్టర్లోకి ఎక్కుతుంది, సీళ్లు కారతాయి.

ఎయిర్ ఫిల్టర్‌ని సార్వా కోతలయ్యాక ఒకసారి, దాళ్వా కోతలయ్యాక ఒకసారి చూడండి. నూర్పిడి ధూళి లోపలికి పోతే ఎంత మంచి ఆయిల్ ఉన్నా సిలిండర్ లోపలి గోడ అరుగుతుంది.

బండి వరదలో మునిగితే కిక్కు కొట్టొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ప్లగ్గు విప్పి, తాళం ఆపే ఉంచి, కిక్కుని మెల్లగా తొక్కి నీరు బయటికి పంపాలి. ఎయిర్ బాక్స్ ఆరబెట్టి, ఫిల్టర్ మార్చాలి. ఆయిల్ దించి, అదే గ్రేడులో చవకది నింపి, స్లోలో ఐదు నిమిషాలు తిప్పి మళ్లీ దించాలి. తెల్లదనం పోయేదాకా రెండుమూడుసార్లు ఇలాగే చెయ్యాలి. కిరసనాయిలుతో కడగొద్దు. మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది.

దించిన ఆయిల్‌ని మూతున్న డబ్బాలో పోసి షెడ్డువాళ్ల పీపాలో వెయ్యండి. కాలువలో వద్దు. ఆ నీరే దిగువ ఊళ్ల మంచినీటి చెరువుల్లోకి పోతుంది.