ఈ గీత ఇక్కడే ఎందుకు? పర్మాకల్చర్ డిప్లొమా చేయాలనుకునేవారికి

పద్దెనిమిదేళ్లు డ్రాఫ్టింగ్ పని చేశాను. ఇళ్ల ప్లాన్లు, మెట్ల కొలతలు, డ్రైనేజీ లైన్లు. పర్మాకల్చర్ అంటే ప్రకృతి తీరును చూసి, నీరు, మట్టి, చెట్లు, మనుషులు ఒకదానికొకటి ఆసరా అయ్యేలా స్థలాన్ని డిజైన్ చేసే పద్ధతి. అందుకే ఆ కోర్సులో చేరినప్పుడు డిజైన్ అనగానే నాకేమీ టెన్షన్ పుట్టలేదు. కోర్సు చివర మా బృందం మ్యాప్ నేనే గీశాను. స్కేలు పెట్టి, రంగులు వేసి, చెట్ల నీడలు కూడా చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొన్నాళ్లకు డిప్లొమా కోసం నాకు ట్యూటర్‌గా కుదిరినావిడ అదే మ్యాప్ ముందు పెట్టుకొని, వాన నీళ్లు ఆగి ఇంకడానికి గీసిన ఒక కందకం మీద వేలుంచి, "ఈ గీత ఇక్కడే ఎందుకు గీశారు?" అని అడిగారు.

"అక్కడైతే బాగుందనిపించిందండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకొని పక్క గీత మీదికి వేలు జరిపారు.

డిప్లొమా చేతికి రావడానికి నాకు మూడున్నరేళ్లు పట్టింది. అందులో సగం ఆ ఒక్క ప్రశ్నకు జవాబులు వెతుక్కోవడానికే పోయిందంటే అబద్ధం కాదు. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా అర్హత అంటే ఏమిటో తేల్చుకోవాలి. డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు పర్మాకల్చర్‌కు లైసెన్సు ఇచ్చే ఒకే ఒక కౌన్సిల్ ప్రపంచంలో లేదు. ఉన్నవి రెండు మెట్లు. మొదటిది పర్మాకల్చర్ డిజైన్ కోర్సు, అందరూ పీడీసీ అంటారు. రెండోది డిప్లొమా. 1978లో ఆస్ట్రేలియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి ఈ ఆలోచనను తొలిసారి పుస్తకంగా తెచ్చారు. తర్వాత మాలిసన్ 1988లో తెచ్చిన డిజైనర్ల మాన్యువల్‌లో 14 అధ్యాయాలున్నాయి. పీడీసీ పాఠాలు చాలామటుకు వాటి వెంటే నడుస్తాయి. కోర్సుకు కనీసం 72 గంటలు ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న లెక్క.

ఆ 72 గంటలూ రెండు వారాలు ఒకచోటే ఉండి పూర్తి చేయొచ్చు, నెలల తరబడి వారాంతాల్లో చేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. నేను ఉద్యోగం వల్ల వారాంతాల దారి పట్టాను. గతిలేక ఎంచుకున్నదే గానీ అదే మేలైంది. ఒకే స్థలాన్ని ఎండల్లో చూశాను, వానల్లో చూశాను. ఎండల్లో పొడిగా కనిపించిన మూల వానల్లో చెరువులా మారడం కళ్లారా చూశాను. రెండు వారాల కోర్సులో ఆ స్థలం ఒకటే ముఖం చూపిస్తుంది.

డబ్బు కట్టే ముందు టీచరును అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మీరు డిజైన్ చేసి, ఐదేళ్లు గడిచిన స్థలం ఏదైనా చూడొచ్చా? డిజైన్ అభ్యాసానికి ఎన్ని గంటలు ఇస్తారు? మా మ్యాప్ మీద ఎవరు వ్యాఖ్యలు రాస్తారు? మొదటి ప్రశ్నకే తడబడితే ఇంకో కోర్సు వెతుక్కోండి. డిజైన్ కోర్సుకని వెళ్లి ధ్యానం నేర్చుకొని వచ్చినవాళ్లు కూడా నాకు తెలుసు. ధ్యానం మంచిదే, కానీ దాని గంటలు ఈ 72లోంచి తీయకూడదు.

పీడీసీలో సాధారణంగా రాత పరీక్ష ఉండదు. అన్ని క్లాసులకూ హాజరై, చివర్లో డిజైన్ చేసి అందరి ముందు వివరిస్తే సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే మీ పనికి పర్మాకల్చర్ అన్న మాట వాడుకోవచ్చని సంప్రదాయం. డిప్లొమాకు తలుపు కూడా అదే. అంతకు మించి ఆశించకండి. సర్టిఫికెట్ వచ్చిన నెలకే ఒకరి స్థలం డిజైన్ చేయడానికి ఒప్పుకొని చేతులు కాల్చుకున్నాను, ఆ కథ కింద చెబుతాను.

డిప్లొమాకు పీడీసీ తర్వాత కనీసం రెండేళ్లు చేతులతో పని చేసి చూపించాలన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. వివరాలు సంస్థను బట్టి మారతాయి. బ్రిటన్‌లోని పర్మాకల్చర్ అసోసియేషన్ పద్ధతిలో ట్యూటర్ తోడుగా పది డిజైన్లు పూర్తి చేసి, వాటి పోర్ట్‌ఫోలియో సమర్పించాలి. ఆస్ట్రేలియాలో వృత్తి విద్యలో భాగంగా సర్టిఫికెట్ స్థాయిలూ, పైన డిప్లొమా ఉన్నాయి, అక్కడ ఒక్కో నైపుణ్యాన్నీ చేసి చూపించాలి. ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లకు ఆ దారి అనుకూలం. సొంతంగా డిజైన్లు చేసుకుంటూ బతకాలనుకునేవాళ్లకు పది డిజైన్ల దారి నప్పుతుంది. నేను వెళ్లింది అందులోనే.

పది అనగానే పది తోటలు అనుకున్నాను. కాదు. నా పదింట్లో భూమి మీద చేసినవి ఏడే. ఒకటి నా పనివారాన్ని మళ్లీ అమర్చుకోవడం. ట్యూటర్ ఆ సలహా ఇచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. రోజూ చేయాల్సినవి దగ్గరలో, నెలకోసారి చేసేవి దూరంలో అని జోన్ల పద్ధతి నా గంటల మీద పెట్టి చూస్తే, డిప్లొమా రాతకు వారంలో ఒక్క పూట కూడా మిగల్లేదని బయటపడింది. మూడున్నరేళ్లలో మొదటి ఏడాది ఎందుకు కొట్టుకుపోయిందో అప్పుడు అర్థమైంది. మీరైతే ఈ డిజైన్‌ను మొదటిదిగా చేయండి. నేను ఆరోదిగా చేశాను.

మిగతావాటిలో చిన్నవీ పెద్దవీ కలిసి ఉండాలి. నావి: మా పెరడు, ఒక అద్దె ఇంటి బాల్కనీ, ఒక స్కూలు వెనక ఖాళీ స్థలం, ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి స్థలం వగైరా. అన్నదమ్ముల డిజైన్‌లో సగం కాగితాలు ఒక దారి గురించే. ఎవరి వాటాలోంచి నడవాలో తేలకుండా మొక్క ఎక్కడ పెట్టాలో తేలలేదు.

ఇక అసలు సంగతి, ఒక్కో డిజైన్‌ను ఎలా రాయాలి. ట్యూటర్లు చూసేది తోట ఎంత పచ్చగా ఉందో కాదు, మీరు నిర్ణయాలు ఎలా తీసుకున్నారో. ఒక చట్రం పట్టుకుంటే రాయడం సులువు. నేను ఎక్కువగా వాడినది సాడిమెట్: సర్వే, విశ్లేషణ, డిజైన్, అమలు, నిర్వహణ, మూల్యాంకనం, ఆపైన సవరణ. పదింటికీ ఒకటే చట్రం వాడితే అడుగుతారు, రెండు మూడు నేర్చుకోండి.

సర్వే దగ్గరే నా నోట్‌బుక్ మొదటిసారి ఎర్ర ఇంకుతో నిండిపోయింది. "ఇక్కడ మట్టి బాగాలేదు" అని రాశాను. పక్కన ట్యూటర్ రాత: "ఇది అభిప్రాయం. మీరు చూసిందేమిటి?" మళ్లీ వెళ్లి 30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, నీళ్లు నింపి, గడియారం పెట్టుకొని కూర్చున్నాను. మూడు గంటల తర్వాత కూడా సగం నీళ్లు అలాగే ఉన్నాయి. సీసాలో మట్టీ నీళ్లూ పోసి బాగా కుదిపి పెడితే ఇసుక నిమిషాల్లోనే అడుక్కి చేరింది, ఒండ్రు గంటల్లో దిగింది, బంకమన్ను మర్నాటికి కూడా నీటిని తేరుకోనివ్వలేదు. ఈ రెండూ రాశాక "బాగాలేదు" అన్న మాటే అక్కర్లేకపోయింది. నీళ్లు ఇంకని చోట కందకం తవ్వితే దోమల గుంట అవుతుందని దానంతటదే తేలింది. చూసిన ప్రతిదానికీ తేదీ, సమయం వేయండి. ఫొటో తీస్తే ఏ దిక్కు నుంచి తీశారో రాయండి.

నీటి లెక్క ప్రతి భూమి డిజైన్‌లోనూ ఉండాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నా మొదటి క్లయింటు ఇంటి కప్పు 120 చదరపు మీటర్లు. ఒక వానకు 25 మిల్లీమీటర్లు కురిస్తే 3,000 లీటర్లు. చిందినవీ కారినవీ ఐదో వంతు తీసేసినా 2,400. నేను మ్యాప్‌లో గీసిన తొట్టి 1,000 లీటర్లది. మిగతా 1,400 లీటర్లు ఎక్కడికి పోవాలో చూపించే బాణం గుర్తు ఒక్కటీ లేదు. డ్రైనేజీ లైన్లు గీసి బతికినదాన్ని, నాకే సిగ్గేసింది. చెరువుకైనా అలుగు ఉంటుంది కదా. అప్పటి నుంచి మ్యాప్‌లో నీరు నిలిచే చోటు గీసిన ప్రతిసారీ దాని అలుగు కూడా గీసి, అది పొంగితే పోయే చోటు కూడా గీశాకే పెన్సిల్ దించుతాను.

ఏది ముందు ఏది వెనక అన్నదానికి 1950లలో ఆస్ట్రేలియాలో పి.ఎ. యోమన్స్ అనే రైతు ఇచ్చిన వరస ఇప్పటికీ పనికొస్తుంది: వాతావరణం, నేల వాలు, నీరు, దారులు, చెట్లు, కట్టడాలు, కంచెలు, మట్టి. మార్చడానికి కష్టమైనవి ముందు, సులువైనవి చివర. చెట్లు నాటాక దారి గుర్తొస్తే చెట్టునే తీయాలి. మ్యాప్‌ను కూడా ఇదే వరసలో ట్రేసింగ్ పేపర్ పొరలుగా గీయండి. ఒక పొరలో నీరే, ఇంకో పొరలో గాలీ ఎండా. కంప్యూటర్‌లో గీయడం నాకు వచ్చు, అయినా డిప్లొమాకు చేత్తోనే గీశాను. కంప్యూటర్ గీత మరీ నున్నగా ఉండి, ఖాయమైపోయినట్టు కనిపిస్తుంది. పొరపాటు ఉన్నా చెరపబుద్ధి కాదు.

ఇప్పుడా చేతులు కాలిన కథ. మట్టం చూడటానికి ఇంగ్లిష్ A అక్షరం ఆకారంలో కట్టుకునే 'ఏ-ఫ్రేము' ఒకటుంది: రెండు సమాన కర్రలు, మధ్యలో అడ్డకర్ర, పైనుంచి వేలాడే దారానికి ఒక బరువు. నేల మీద ఒకే మట్టం ఉన్న బిందువులను దాంతో గుర్తించి కందకం తవ్వుతాం. వాడే ముందు దాన్ని ఒకచోట నిలబెట్టి దారం పడిన చోట గీత పెట్టాలి, తర్వాత కాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ గీత పెట్టాలి. ఆ రెండింటి నడిమి బిందువే సరైన మట్టం. నేను ఆ పని చేయలేదు. కొలిచి కోశాను కదా అన్న ధీమాతో అడ్డకర్ర మధ్య భాగమే మట్టం అనుకున్నాను. ఒక్కో అడుగుకీ కాస్త తేడా, ముప్పై అడుగులకి తేడా అంతా పోగైంది. మొదటి పెద్ద వానకే నీళ్లన్నీ ఒక కొసకు చేరి కట్ట తెగింది. కొత్తగా చల్లిన విత్తనాలు పక్కింటి గోడ దాకా వెళ్లాయి.

ఆ డిజైన్‌ను పోర్ట్‌ఫోలియోలోంచి తీసేద్దామనుకున్నాను. ట్యూటర్ ఒప్పుకోలేదు. తెగిన కట్ట ఫొటో, తేడా లెక్క, మళ్లీ తవ్విన తీరు, తర్వాతి వానకు నీళ్లు ఎలా నిలిచాయో, అన్నీ రాయించారు. పది డిజైన్లలో మూల్యాంకనం అన్న భాగం నిజంగా నిండింది అందులోనే. మిగతావాటిలో "అంతా బాగానే ఉంది" అని రాసిన చోటల్లా వెనక్కి పంపారు.

క్లయింటుతో మాట్లాడేటప్పుడు ఏమేం పండించాలనుకుంటున్నారని మాత్రమే అడగకండి. రోజూ ఏ తలుపులోంచి బయటికొస్తారు, ఎన్ని గంటలకు వస్తారు, వంగగలరా, నీళ్లు ఎవరు పెడతారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడగండి. ఒక పెద్దావిడ స్థలంలో మెట్లు మెట్లుగా మడులు గీసి తీసుకెళ్లాను. ఆవిడ మ్యాప్‌ను చాలాసేపు చూసి, "బాగుందమ్మా, మరి నా మోకాళ్లు ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. రెండు గంటల ఇంటర్వ్యూలో మోకాళ్ల గురించి నేనొక్క ముక్క అడగలేదు. మెట్లు తీసేసి, తలుపుకు పది అడుగుల లోపు, నడుమెత్తు మడులు నాలుగు పెట్టి మళ్లీ గీశాను. భూమి సంరక్షణ, మనుషుల సంరక్షణ, న్యాయమైన పంపకం అని మూడు నైతిక సూత్రాలు పీడీసీ మొదటి రోజే చెబుతారు. పోర్ట్‌ఫోలియోలో ఒక్కో డిజైన్‌లో అవి ఎక్కడున్నాయో చూపించమంటారు. రెండోదానికి నేను ఆ మోకాళ్లనే రాశాను.

హోమ్‌గ్రెన్ 2002లో ఇచ్చిన పన్నెండు సూత్రాలను కూడా ప్రతి డిజైన్‌కూ వరసగా అతికిస్తుంటారు చాలామంది. పన్నెండూ అక్కర్లేదు. నిజంగా మీ నిర్ణయాన్ని మార్చిన రెండో మూడో రాయండి, ఏ నిర్ణయాన్ని ఎలా మార్చిందో రాయండి.

చివర్లో పోర్ట్‌ఫోలియో మీద మదింపు ఉంటుంది, తోటి డిజైనర్ల ముందు మన ప్రయాణం చెప్పాలి. నేను పది డిజైన్లూ చూపిద్దామని ఆత్రపడి సగంలోనే టైం అయిపోగొట్టుకున్నాను. మీరు రెండే చూపించండి, ఒకటి కుదిరినది, ఒకటి చెడినది. ప్రశ్నల్లో ఒకాయన, "ఆ నడుమెత్తు మడులు ఆ పెద్దావిడ ఇప్పుడు వాడుతున్నారా?" అని అడిగారు. అదృష్టం, ముందు వారమే వెళ్లి చూసొచ్చాను. మూడు వాడుతున్నారు. నాలుగోదానిలో కలుపు మోకాలెత్తు పెరిగింది. ఆ ఫొటో తెర మీద వేసి, కింద నా రాత చదివాను: "తలుపులో నిలబడి చూస్తే ఈ మడి కనిపించడం లేదు. గోడ మూల అడ్డొస్తోంది. గీసేటప్పుడు తలుపు దగ్గర నిలబడి చూడలేదు."