పందుల పాకలో ఘాటు తగ్గాలంటే

పందుల పాకలోకి అడుగుపెట్టగానే కళ్లు మండుతున్నాయంటే, మూత్రంలోని యూరియా పెంటలోని యూరియేజ్ ఎంజైముతో కలిసి అమ్మోనియాగా మారుతోందని అర్థం. గచ్చును వాలుగా వేయించి, మూత్రం నిలవకుండా వెంటనే కాలువలోకి పోయేలా చూడడం అన్నిటికన్నా ముఖ్యం. తెనాలి వైపు రైసు మిల్లుల్లో దొరికే ఊకను గానీ, తరిగిన వరిగడ్డిని గానీ మందంగా పరిస్తే అందులోని కార్బన్ మూత్రంలోని నత్రజనిని కొంత పట్టి ఉంచి, అమ్మోనియాగా పోకుండా చూస్తుంది. అయితే ఆ పరుపు తడిసి ముద్దయితే గాలి ఆడని అడుగు పొరల్లో మీథేన్, తడీ పొడీ కలిసిన చోట నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువులు పుడతాయి. ఈ రెండోది, వందేళ్ల కాలానికి లెక్కేస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. గుప్పెడు ఊకను పిండి చూసి, వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఆ భాగాన్ని తీసి పొడి ఊక వేయండి. గుంటూరు ఎండలకు తాళలేక పందులు తమ మూత్రంలోనే పొర్లుతాయి కనుక, వేసవిలో నీటి తుంపర్లను పరుపుకు దూరంగా ఏర్పాటు చేయండి.