పదిహేనో పుట్టినరోజు లోపే: ఆడపిల్లలకు హెచ్‌పీవీ జాగ్రత్తలు

ఆడపిల్ల పెద్దమనిషి కాగానే చిమ్మిలి తినిపిస్తాం. మినప సున్నుండలు చేసిపెట్టి, నడుము గట్టిపడాలంటాం. ఓణీల ఫంక్షన్‌కి అప్పుచేసైనా భోజనాలు పెడతాం. అదే వయసులో వేయించాల్సిన ఒక సూది మాటెత్తితే మాత్రం, "పెళ్లికాని పిల్లకి ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని కొట్టిపారేస్తారు. పెళ్లి కాకముందు వేయిస్తేనే ఆ సూది పూర్తిగా పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క పెద్దవాళ్లకు ఎక్కితే సగం పని అయినట్టే.

ఆ సూది హ్యూమన్ పాపిలోమా వైరస్‌కి అడ్డుకట్ట వేసే టీకా. ఈ వైరస్‌ను పొట్టిగా హెచ్‌పీవీ అంటున్నాం. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చేతుల మీద పులిపిర్లు లేపేవి కూడా ఈ వంశంలోవే, వాటితో ప్రాణభయం లేదు. భయపడాల్సినవి ఓ పద్నాలుగు. వాటిలోనూ 16, 18 అనే రెండు రకాలే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. ఈ క్యాన్సర్‌కి వైరసే మూలమని తేల్చిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 2022లో సుమారు 1.27 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని, 80 వేల మంది దాకా దీనితో చనిపోయారని అంచనా.

వైరస్ సోకిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ రాదు. చాలామందిలో ఏడాది రెండేళ్లలో ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని వదిలించుకుంటుంది, వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. కొందరిలో మాత్రం అది పోకుండా తిష్ఠవేస్తుంది. అక్కడి నుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. పదహారేళ్లప్పుడు పట్టుకున్నది ముప్పై ఐదు, నలభై ఏళ్లకు, పిల్లలు చదువుల్లో ఉండగా బయటపడుతుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ?

ఈ ప్రశ్న రాగానే మనవాళ్ల చూపు పిల్ల నడవడిక మీదికి పోతుంది. ఆ చూపే తప్పు. వైరస్ ముఖ్యంగా లైంగిక సంబంధం వల్ల, ఆ భాగాల్లో చర్మానికి చర్మం తగలడం వల్ల సోకుతుంది. జన్మలో ఒక్క మగవాడినే, అదీ కట్టుకున్నవాడినే ఎరిగిన స్త్రీకీ రావచ్చు. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి పెళ్లికి ముందే తనకు సోకిందని భర్తకే తెలియకపోవచ్చు.

మన దగ్గర అతిపెద్ద ముప్పు చిన్నవయసు పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం మంది, తెలంగాణలో 23.5 శాతం మంది తమకు పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందన్నారు. బాల్య వివాహం అనగానే చదువు ఆగిపోవడం, కాన్పు కష్టం కావడం గురించి మాట్లాడతాం. ఈ క్యాన్సర్ సంగతి ఎవరూ చెప్పరు. ఎదిగే వయసులో గర్భాశయ ముఖద్వారం అంచున పలచని కణాల పొర బయటికి తెరుచుకుని ఉంటుంది. అది మెల్లగా మందపాటి పొరగా మారుతూ ఉంటుంది. ఆ మార్పు చురుగ్గా సాగే చోటే హెచ్‌పీవీ సులువుగా పాతుకుపోతుంది. మేనమామే అయినా, ఎంత మంచి సంబంధమైనా, పదహారేళ్ల పిల్ల ఒంటికి ఆ తేడా తెలియదు.

హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు, అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు ముప్పు బాగా ఎక్కువ. వాళ్లలో పదిహేనేళ్ల ప్రయాణం ఐదు, పదేళ్లలోనే ముగియవచ్చు. పొగాకూ వైరస్‌కి తోడవుతుంది. సిగరెట్ అంటే పట్నం పిల్లల అలవాటని అనుకోనక్కర్లేదు, ఉత్తరాంధ్ర తీరాన అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చడం) తాగే ఆడవాళ్లు తరాలుగా ఉన్నారు. చిన్నవయసు నుంచి వరసగా కాన్పులు, ఐదేళ్లకు మించి గర్భనిరోధక మాత్రలు వాడటం కూడా లెక్కలోకి వస్తాయి, అయితే అవి తర్వాతి సంగతి. మాత్రలు మానేయమని దీని అర్థం కాదు.

ఇంకోటి, ఇంట్లో మాట్లాడుకోనిది. లైంగిక హింసకు గురైన పిల్లకు టీకా తొమ్మిదో ఏటే మొదలుపెట్టమని వైద్యులు సలహా ఇస్తారు. అలాంటి అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయండి. పిల్లని మాత్రం నిందించకండి.

ఖమ్మం పేరు చెప్పి భయపడేవాళ్లకు

ఈ సూది అనగానే ఖమ్మం గుర్తొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ సంఘానికి కనబడలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును అదీ తప్పుపట్టింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా గట్టిగా తప్పుపట్టింది. నా లెక్కలో జనం భయానికి అర్థం ఉంది. అడవి బిడ్డల అమ్మానాన్నలను అడగకుండా సూది వేయడం ఎవరు చేసినా నేరమే.

దాని తర్వాతి కథ చాలామందికి తెలియదు. అదే రోజుల్లో దేశంలో ఇంకోచోట ఈ టీకా మీద పెద్ద అధ్యయనం నడుస్తోంది. 2010 ఉత్తర్వుతో అక్కడా సూదులు ఆగిపోయాయి. రెండు మూడు డోసులు పడాల్సిన వేలమంది పిల్లలు ఒక్క డోసుతో మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు గమనిస్తే, ఆ ఒక్క డోసే 16, 18 రకాలు తిష్ఠవేయకుండా 95 శాతం దాకా కాపాడిందని 2021లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు కూడా సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన వాటిలో మన ఆడపిల్లల లెక్కా ఉంది.

సూది రోజు చూసుకోవాల్సినవి

సరైన వయసు తొమ్మిది నుంచి పదిహేను నిండేలోపు. ప్రైవేటులో ఈ వయసు వాళ్లకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు, పదిహేను నిండితే మూడు డోసులు వేయడం మన దేశంలో ఎక్కువగా కనిపించే పద్ధతి. హెచ్‌ఐవీ ఉంటే ఏ వయసైనా ఒక్క డోసుతో సరిపెట్టకూడదు. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ 2023లో వచ్చింది, అది 6, 11, 16, 18 రకాలకు పనిచేస్తుంది. గార్డాసిల్ 9 తొమ్మిది రకాలను ఆపుతుంది కానీ ఖరీదు ఎక్కువ. డబ్బు కూడగట్టి పెద్దదే వేయిద్దామని ఏళ్లు జరపడం కంటే అందుబాటులో ఉన్నది వయసులో వేయించడం మేలు. ప్రభుత్వం తరఫున ఎవరికి వేస్తున్నారో మీ ఏఎన్ఎంని అడగండి. కాగితం మీద సంతకం మీరే పెట్టండి, చదివాక పెట్టండి.

పిల్ల ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. టిఫిన్ తినిపించి తీసుకెళ్లండి. ఈ వయసు పిల్లలు సూది చూసే కళ్లు తిరిగి పడిపోతుంటారు, ఏ టీకాకైనా ఇది మామూలే. కూర్చోబెట్టో పడుకోబెట్టో వేయించి, తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. నెలసరిలో ఉన్నా ఫర్వాలేదు. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. గతంలో ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే, ఈస్ట్‌ పడదని తెలిసి ఉంటే ముందే చెప్పాలి. గర్భంతో ఉంటే కాన్పయ్యే దాకా ఆగాలి.

చేయి నొప్పి, కాస్త వాపు, ఒళ్లు వెచ్చబడటం ఒకటి రెండు రోజులు ఉంటాయి. టీకాలో బతికున్న వైరస్ లేదు, వైరస్ పైతొడుగు లాంటి ప్రోటీన్ మాత్రమే ఉంది, దానివల్ల హెచ్‌పీవీ సోకదు. పిల్లలు పుట్టరన్నది పుకారు. ఫలితం చూడాలంటే ఇంగ్లండ్ లెక్కలున్నాయి: పన్నెండు, పదమూడేళ్లకు టీకా పడిన ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గింది.

సూదికి ముందు హెచ్‌పీవీ పరీక్ష చేయించాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టీనేజీలో ఈ వైరస్ వచ్చిపోతూ ఉంటుంది, ఆ పరీక్ష పిల్లని బెదరగొట్టడం తప్ప దేనికీ పనికిరాదు. వాసన వచ్చే తెల్లబట్ట, నెలసరికి నెలసరికి మధ్య రక్తం కనబడితే వేరే కారణాలే ఎక్కువ, డాక్టరుకు చూపించండి.

చిన్నవయసులోనే పెళ్లయిపోయిన పిల్లకైనా టీకా దండగ కాదు, ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. టీకా వేయించుకున్నా ముప్పై దాటాక స్క్రీనింగ్, అంటే ఈ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్ష, తప్పదు, హెచ్‌ఐవీ ఉంటే ఇరవై ఐదు నుంచే.

పిల్లని తీసుకొచ్చిన తల్లి వయసు చాలావరకు ముప్పై దాటే ఉంటుంది. దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు రెండు శాతం కూడా లేరని పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తేలింది. ముఖద్వారానికి పలచని అసిటిక్ యాసిడ్ రాసి, తెల్లమచ్చలు తేలుతున్నాయేమో నర్సు చూస్తుంది, నిమిషాల్లో అయిపోతుంది. మీ పీహెచ్‌సీలో అది ఏ రోజు చేస్తారో కనుక్కుని, నెలసరి లేని రోజు చూసి వెళ్లండి.