వాలరెంట్‌లో మా జట్టు డబ్బు గోల ఎలా తీరిందంటే

వాలరెంట్ ఐదుగురేసి రెండు జట్లుగా ఆడే తుపాకుల వీడియో గేమ్; ప్రతి రౌండు ముందు ఆటలోని డబ్బుతో ఆయుధాలు కొనుక్కోవాలి. పిస్టల్ రౌండు, అంటే పిస్టళ్లతో ఆడే మొదటి రౌండు, ఓడితే చాలు, తర్వాత ఇద్దరం రైఫిళ్లతో, ముగ్గురు పిస్టళ్లతో మిగిలేవాళ్లం. ఒకరికి పెత్తనం ఇచ్చాం, కాగితంపై లెక్కలు వేశాం, అరుచుకున్నాం, ఫలితం లేదు.

చివరికి పనిచేసింది ఇది. రౌండు మొదలవగానే ఎవరూ ఏమీ కొనం. ఓడినా వచ్చే రౌండుకు కనీసం ఎన్ని క్రెడిట్లు (ఆటలోని డబ్బు) ఉంటాయో కొనుగోలు తెరపై ఆటే చూపిస్తుంది. అందరిలో తక్కువ డబ్బున్నవాడు ఆ అంకెను పైకి చదువుతాడు. వ్యాండల్ అనే రైఫిల్ 2900, హెవీ షీల్డు అనే కవచం 1000, మొత్తం 3900. ఇప్పుడు అంత లేకపోతే, ఆ అంకె 3900 కంటే తగ్గకుండా చిన్న తుపాకీతో సరిపెట్టుకుంటాడు, మిగతావాళ్లమూ అంతే. ఒక్కడికే కొరతైతే మిగులున్నవాడు కొనిస్తాడు. 9000 దాటి ఎలాగూ దాచుకోలేం కదా!

సగం ఆట ముగిసే 12వ రౌండులో మాత్రం ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తాం, ఆ తర్వాత డబ్బు మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి. అపరిచితులతో ఆడినప్పుడు ఈ పద్ధతి సగంసార్లు కూడా నిలవలేదు.