రెండు రంగుల క్యాలెండరు

మా వసారా గోడకి వెంకట్రామా క్యాలెండరు ఒకటి వేలాడుతుంటుంది. దాని మీద నీలం పెన్నుతో బడి సంగతులు, ఎర్ర పెన్నుతో పొలం సంగతులు రాస్తాను. రెండు రంగులూ ఒకే వారంలో పడితే ఆ వారం చుట్టూ గీత గీస్తాను. ఏడాదికి అలాంటి గీతలు మూడు, మహా అయితే నాలుగు. మిగతా రోజులు ఎలాగోలా నడిచిపోతాయి. ఇంట్లో అరుపులూ, మాడిన అన్నమూ, పిల్లల కన్నీళ్ళూ అన్నీ ఆ గీతల లోపలే ఉంటాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది బాపట్ల దగ్గర, కర్లపాలెం వైపు. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివర మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. రెండు గేదెలు, ఒక పడ్డ, పది కోళ్ళు. పెద్దాడు ఎనిమిది, చిన్నాడు ఐదు చదువుతున్నారు. మొన్న మా చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, వచ్చే ఏడు మా వాణ్ణి బళ్ళో వేస్తున్నాం. ఒక్కడికే నాకు టెన్షన్‌గా ఉంది, నువ్వు ఇద్దరితో ఎలా నెట్టుకొస్తున్నావే?" అంది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతుంది కాబట్టి రాసి పెడుతున్నాను.

ముందు క్యాలెండరు

జూన్ మొదటి వారంలో, మృగశిర కార్తె వచ్చేలోగా కూర్చోండి. నీలం పెన్ను పని తేలిక. మన ఆంధ్రాలో బళ్ళు జూన్ 12న తెరుస్తారు. దసరాకీ, సంక్రాంతికీ సెలవులు, మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడి, ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు. పరీక్షల తేదీలు మాత్రం బడి తెరిచాక టీచర్ని అడిగి రాసుకోవాలి. పిల్లల్ని అడిగి లాభం లేదు. మా చిన్నాడి లెక్కలో పరీక్షలకి ఎప్పుడూ "ఇంకా చాలా రోజులుంది".

ఎర్ర పెన్నుకి కాస్త లెక్క కావాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలినా మాలాంటి చివరి భూములకి చేరేసరికి రోజులు పడుతుంది. అందుకని సగం చేను వెద చల్లి, అంటే విత్తనం నేరుగా చల్లి, సగం నారు ఊడుస్తాం. సాంబ మసూరి 150 రోజుల పంట. జూలై 5న నారు పోస్తే డిసెంబరు 2కి కోతకొస్తుంది. దాని వెనకే మినుము, అది 75, 80 రోజులు. అంటే ఫిబ్రవరి మూడో వారం. ఈ లెక్క నేను చేయను, పెద్దాడి చేత చేయిస్తాను. ఏ నెలకి ముప్పయ్యో, ఏ నెలకి ముప్పై ఒకటో పిడికిలి కణుపుల మీద చూసుకుంటూ వాడే చెప్తాడు. చెప్పాక కోతలు ఎప్పుడో వాడికీ గుర్తుంటుంది. "డిసెంబరులో నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళవు" అనే గొడవ అక్కడితో పోయింది.

మాకు పడే మూడు గీతలు ఇవి: ఊడ్పులు, కోతలు, మినుము. మిరప, పత్తి ఊళ్ళలో ఈ నెలలు వేరుగా ఉంటాయి, మీ పంటని బట్టి మీరు రాసుకోండి.

గీత గీసిన వారం

ఈ సంగతి మాకు తుఫాను నేర్పింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి రెండెకరాల వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. మిగతాది చేలోనే ఉంది. పెద్దాడు అప్పుడు ఆరో తరగతి. వాన మొదలైన రాత్రి టార్చి పట్టుకుని మా వెనకే తిరిగాడు, పట్టల అంచుల మీద ఇటుకలు పెట్టాడు, తాళ్ళు లాగాడు. తర్వాత పది రోజులు పడిపోయిన చేలోంచి నీళ్ళు తీయడం, బురదలో నడిచే చైన్ కోత మిషన్ కోసం ఊళ్ళు తిరగడం, మొలకొచ్చిన వడ్లు విడిగా ఎండబెట్టడం. బళ్ళు తెరిచాక వాడు రోజూ వెళ్తూనే ఉన్నాడు కదా, బాగానే ఉన్నాడనుకున్నాం. క్లాసులో నిద్రపోతున్నాడని టీచరు కబురు చేస్తే తెలిసింది. పరీక్ష పేపరు సగం ఖాళీ. మా ఆయన తిట్టబోయి వాడి అరచేతులు చూసి ఆగిపోయారు. తాళ్ళు కోసిన గాట్లు ఇంకా మానలేదు.

ఆ ఏడాది నుంచి గీత గీసిన వారంలో పిల్లలు చేలో పని చేయరు. ఎంత అవసరమైనా సరే. సాయంత్రం పొలానికి టీ ఫ్లాస్కు తేవడం వరకే. "మగపిల్లలు ఇద్దరున్నారు, నీకేంటమ్మా" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆ మాట చెవిన వేసుకోకండి.

వాళ్ళు చేయకపోతే ఆ చేతులు ఎక్కడ నుంచి రావాలి? దానికి రెండు వారాల ముందే సర్దుకోవాలి.

మా అమ్మకి నవంబరు మొదట్లోనే చెప్పేస్తాను. కోతలకి వచ్చి పదిహేను రోజులుంటుంది. పొలం పనికి కాదు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండాలి, అంతే. తాళం వేసిన ఇంటికి వచ్చిన పిల్లలు పుస్తకం తీయరు. వీధిలోకి పోతారు, లేదా పొలానికే వస్తారు. మీకు రాగల అమ్మ లేకపోతే పక్కింటివాళ్ళతో వంతులు మాట్లాడుకోండి. వాళ్ళ కోతలప్పుడు వాళ్ళ పిల్లలు మీ ఇంట్లో, మీ కోతలప్పుడు మీ పిల్లలు వాళ్ళింట్లో.

పట్టలు నవంబరులోనే దులిపి, చిరుగులు చూసి, తాళ్ళు కట్టి ఉంచుతాం. ఇది పిల్లల విషయం కాదనుకుంటారు గానీ, అర్ధరాత్రి పట్టలు వెతికే ఇంట్లో పిల్లలు నిద్రపోరు.

వంట: బడిలో మధ్యాహ్న భోజనం ఉంది కాబట్టి పొద్దున క్యారేజీ గొడవ లేదు. పొద్దున చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ, నిన్నటి పచ్చడి. చద్దన్నం పెడితే నామోషీ అనుకునే రోజులు పోయాయి. రాత్రికి ఒక్కటే గిన్నె, పప్పులో ఆకుకూర పడేసి. ముందు ఆదివారం సున్నుండలు, చేగోడీలు చేసి డబ్బా నింపుతాను. డబ్బా తాళం మా అమ్మ దగ్గర ఉంటుంది. లేకపోతే అది మంగళవారానికే ఖాళీ.

టీచరుకి కూడా చెప్పండి. "ఈ పది రోజులు మాకు కోతలు, హోంవర్కు వెనకబడితే ఫోన్ చేయండి" అంటే చాలు. వ్యవసాయం చేసే ఊళ్ళో పనిచేసే టీచర్లకి అది కొత్త మాటేం కాదు.

గేదె పక్కన చదువు

మామూలు రోజుల్లో పనికొచ్చే చిట్కా ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను. తెల్లవారుజామున అయిదింటికి నేను పాలు పితుకుతాను. పెద్దాడు వసారాలో లైటు కింద కూర్చుని పైకి చదవాలి. మనసులో కాదు, పైకి. గొంతు ఆగితే నాకు తెలిసిపోతుంది. నాకు అర్థం కాని సైన్సైనా సరే, వాడు తడబడిన చోటు తెలుస్తుంది. "ఆ వాక్యం మళ్ళీ చదువు" అంటే చాలు. అరగంటలో నా పని, వాడి పాఠం రెండూ అవుతాయి. దసరాకి వాడు అమ్మమ్మగారింటికి వెళ్తే పెద్ద గేదె రెండు రోజులు పాలు సరిగ్గా చేపలేదు. వాడి గొంతుకి అలవాటు పడింది కాబోలు.

ఆ తర్వాత పాల కేంద్రానికి క్యాను తీసుకెళ్ళేది వాడే, సైకిలు మీద. పుస్తకంలో ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎంత డబ్బు రావాలి అన్నది లెక్కగట్టి నాకు చెప్పాలి. శాతాలు బళ్ళో కంటే ముందు అక్కడే వచ్చేశాయి. ఒకసారి పుస్తకంలో అంకె తప్పు పడితే వాడే పట్టుకున్నాడు. ఆ రోజు వాడి నడకే వేరు.

ఎవరికి ఏ పని

ప్రతి పిల్లాడికీ ఏడాది పొడుగునా తనదే అయిన పని ఒకటి ఉండాలి. మనం గుర్తుచేయకూడదు, వాడు మరిచిపోతే దాని ఫలితం కనిపించాలి. చిన్నాడిది కోళ్ళగూడు. ఒక రాత్రి తలుపు వేయడం మర్చిపోయాడు, తెల్లారేసరికి పిల్లి ఒక పెట్టని ఎత్తుకుపోయింది. నేనేమీ అనలేదు. ఇప్పుడు అన్నం తింటూ తింటూ లేచి వెళ్ళి గొళ్ళెం చూసొస్తాడు.

సెలవు రోజుల్లో మాత్రం పని నేర్పిస్తాం. దసరాకి గట్టు మీద గడ్డి కోయడం, నీళ్ళ బోదెకి మట్టి అడ్డం వేయడం, చేలో బెరుకులు, అంటే వేరే రకం వరి మొక్కలు, ఏరడం. కూలీల హాజరు పుస్తకం రాయడం పెద్దాడికి బాగా ఇష్టం. పిల్లల్ని అసలు మట్టే తొక్కనివ్వకుండా పెంచేవాళ్ళతో నాకు పేచీ ఉంది. రేపు వాడు ఏ ఊరు పోయినా ఫరవాలేదు, తను తినే అన్నం ఎన్ని రోజుల పంటో తెలియాలి కదా.

కానీ కొన్నిటి జోలికి మాత్రం ఏ వయసులోనూ రానివ్వను: మందు కొట్టే ట్యాంకు, మందు డబ్బాలు, మోటారు స్టార్టరు పెట్టె, గడ్డి నరికే మిషను, కోత మిషను నడుస్తున్న మడి, ట్రాక్టరు మడ్‌గార్డు. ఆ చివరిది ఎందుకు చేరిందంటే, పెద్దాడు దాని మీద కూర్చుని వస్తూ గట్టు ఎక్కేటప్పుడు జారిపడ్డాడు. మోకాలికి నాలుగు కుట్లు. అంతటితో పోయింది, మా అదృష్టం. ఖాళీ మందు డబ్బాలు ఇంటికి తేకండి, కడిగినా సరే దేనికీ వాడకండి.

వానల్లో

బురద బట్టలకి వేరే బకెట్టు పెట్టండి. యూనిఫాంతో కలిపారా, తెల్లచొక్కా గోధుమరంగు చొక్కా అవుతుంది. తడిసిన బూట్లలో పాత పేపరు ఉండలు కుక్కి రాత్రి పొయ్యికి కాస్త దూరంలో పెట్టండి. పుస్తకాల సంచి లోపల ఒక ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉండాలి. నీళ్ళలో నడిచొచ్చిన రోజు రాత్రి కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, పసుపు కలిపిన కొబ్బరినూనె రాయండి. అక్కడ ఒకసారి పాచిందంటే వారం కుంటుతారు.

పాముల సంగతి వేరే. ఊడ్పుల నుంచి కోతల దాకా మా గట్ల మీద నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ తిరుగుతాయి. చీకటి పడ్డాక టార్చి లేకుండా గుమ్మం దిగకూడదు. గడ్డివాములో చెయ్యి పెట్టకూడదు, కర్రతో కదిపాకే గడ్డి లాగాలి. వానాకాలంలో నేల మీద పడుకోనివ్వను, మంచం మీదే, దోమతెర అంచులు పరుపు కిందకి దోపి. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఒకవేళ కరిస్తే ఏం చేయాలో పిల్లలకి ముందే చెప్పి ఉంచండి: పరిగెత్తకూడదు, కేకేయాలి. మనం చేయాల్సింది, కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా, మంత్రం దగ్గరికి పోకుండా, కరిచిన చోటు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చడం. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసి వచ్చాక ఏటా ఈ పాఠం మళ్ళీ చెప్తాను. ఆ రోజు శ్రద్ధగా వింటారు.

పండగలు, ఒంటిపూట బళ్ళు

పండగలకి నేను ప్రత్యేకంగా ఏమీ చేయను, మగపిల్లలకి పండగే పని కల్పిస్తుంది. వినాయక చవితికి ఉత్తరేణి, గరిక, జిల్లేడు తేవడం, ధనుర్మాసం పట్టిన దగ్గర నుంచి భోగి పిడకలు చేసి గోడకి కొట్టడం. నలభై ఎనిమిది పిడకలు లెక్కపెట్టి దండ గుచ్చాక ఒకటి తక్కువైతే అన్నదమ్ములు కొట్టుకోవడం కూడా అందులో భాగమే.

అసలు కష్టం ఒంటిపూట బళ్ళతో. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా వాళ్ళ చేతిలో ఖాళీ సమయం, మనకేమో ఇంకా మిగిలిన మినుము కళ్ళం పనులు. కాలువలకి నీళ్ళు కట్టేశాక అడుగున గుంటలు మిగులుతాయి, వాటిలో కొర్రమీనులు, మట్టగిడసలు. ఏ పిల్లాడు ఆగుతాడు? వద్దంటే దొంగతనంగా పోతారు. అందుకే మా ఆయన ముందు ఇద్దరికీ ఈత నేర్పారు, తర్వాత ఒక్క నియమం పెట్టారు: పెద్దమనిషి గట్టు మీద ఉంటేనే నీళ్ళలోకి. ఆదివారం సాయంత్రం ఆయనే తీసుకెళ్తారు. మిగతా మధ్యాహ్నాలు ఎండ తగ్గేదాకా ఇంట్లోనే. ఫోను ఇద్దరికీ కలిపి ఒక గంట. దాని మీద రోజూ గొడవే, దానికి నా దగ్గర మందు లేదు.

మేలో ఆవకాయ పెట్టేటప్పుడు మామిడికాయ ముక్కలు తుడిచే పని ఇద్దరికీ ఇస్తాను. పదింటిలో రెండు ముక్కలు నోట్లోకి పోతాయని ముందే రెండు కాయలు ఎక్కువ తెప్పించుకోండి.

రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టగానే జుట్టు కత్తిరించడం, సైకిలు చెయిను బిగించడం, టైరు ట్యూబు చూడటం, కొత్త యూనిఫాం గుడ్డ దర్జీకి ఇవ్వడం. ప్యాంటు కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమనండి, సంక్రాంతికి ఒకంగుళం, వేసవికి ఒకంగుళం విప్పుకోవచ్చు. మా పెద్దాడికి ఈ ఏడు దసరాకే రెండూ అయిపోయాయి.